నరుకుడు సినిమాలకూ నేలచూపుల సెన్సెక్స్‌కూ లంకె ఉందా?

2025 ఫిబ్రవరి 28, శుక్రవారం. సెన్సెక్స్ ఆ ఒక్కరోజే 1,414 పాయింట్లు పడి 73,198 దగ్గర ఆగింది. ఐదు నెలల కిందట, 2024 సెప్టెంబరు 27న, ఇదే సెన్సెక్స్ 85,978ని తాకి వచ్చింది. నిఫ్టీ వరసగా ఐదు నెలలు నష్టపోవడం 1996 తర్వాత అదే మొదటిసారి.

తిరుపతి లీలామహల్ సర్కిల్‌కు కాస్త అవతల, నేను సాయంత్రాలు నిలబడే టీ అంగడిలో, పక్కనే మందుల షాపులో పనిచేసే కుర్రాడు ఫోను పైకీ కిందికీ జరుపుతున్నాడు. ఎంత జరిపినా ఎరుపే. అంగడి అన్న గ్లాసులు కడుగుతూనే అందుకున్నాడు: "సినిమాకు పోతే నరుక్కునేదే, టీవీ పెడితే తిట్టుకునేదే. జనాల మనసే బాగలేదు కదబ్బా, ఇంక మార్కెట్టు మాత్రం యాడ లేస్తాది?"

ఆయనకు తెలియదు గానీ, అమెరికాలో ఒకాయన నలభై ఏళ్లుగా ఈ మాటే వ్యాసాలుగా, పుస్తకాలుగా రాస్తున్నాడు. పేరు రాబర్ట్ ప్రెక్టర్. యేల్ యూనివర్సిటీలో సైకాలజీ చదివాడు, కొన్నాళ్లు రాక్ బ్యాండులో డ్రమ్స్ వాయించాడు, ఆ తర్వాత మెరిల్ లించ్ అనే బ్రోకరేజీ సంస్థలో షేర్ల చార్టులు చూసే ఉద్యోగంలో చేరాడు. పాటలూ షేర్లూ ఒకే బుర్రలో చేరితే ఇలాంటి ఆలోచన రావడంలో వింతేముంది! తన సిద్ధాంతానికి ఆయన పెట్టిన పేరు సోషియోనామిక్స్. పాప్ కల్చర్‌కూ షేర్ మార్కెట్‌కూ ముడి ఉందంటూ 1985లో వెలువరించిన వ్యాసంతో దానికి పేరొచ్చింది.

క్యూ కాంప్లెక్స్‌లో కనిపించే మూడ్

ఈ సిద్ధాంతమంతా సోషల్ మూడ్ అనే మాట మీద నడుస్తుంది. ముందు దాని అర్థం తేల్చుకుందాం. సోషల్ మూడ్ అంటే ఫలానా విషయం మీద కోపమో సంతోషమో కాదు. క్రికెట్లో ఓడితే వచ్చే బాధకు కారణం చెప్పగలం, అది ఎమోషన్. ప్రెక్టర్ చెప్పే మూడ్‌కు పైకి కనిపించే కారణం ఉండదు. ఒక కాలంలో జనమంతా ధీమాగానో దిగులుగానో ఉంటారు. ఎందుకంటే చెప్పలేరు, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది.

తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో సర్వదర్శనానికి కూర్చున్నవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. కంపార్ట్‌మెంట్‌లో గంటల తరబడి ఎవరి లోకంలో వాళ్లుంటారు. పిల్లలు తల్లి ఒళ్లో నిద్రపోతుంటారు, ఎవరో దేవస్థానం ఇచ్చిన పాలు తాగుతుంటారు. ఉన్నట్టుండి ఒకాయన లేచి గేటు వైపు రెండడుగులు వేస్తాడు. పాపం, ఆయన లేచింది నడుం పట్టేసి కావచ్చు. పక్కనున్నామె అది చూసి పిల్లవాణ్ని తట్టి లేపుతుంది. ఆమెను చూసి వెనక వరుస లేస్తుంది. నిమిషం తిరిగేసరికి కంపార్ట్‌మెంట్ మొత్తం నిలబడి "గోవిందా" అంటుంటుంది. గేటుకు వేసిన తాళం వేసినట్టే ఉంటుంది.

గేటు ఎప్పుడు తీస్తారో లోపలున్న ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు మనిషి పక్కవాడి మొహం చూస్తాడు. రేపటి ధర ఎవరికీ తెలియని షేర్ మార్కెట్ కూడా ఇలాంటి కంపార్ట్‌మెంటేనని ప్రెక్టర్ వాదన.

బాణాన్ని తిరగేసిన సిద్ధాంతం

మామూలుగా మనం చెప్పుకునే వరస ఇది: ఏదో జరుగుతుంది, జనం సంతోషిస్తారు లేదా భయపడతారు, మార్కెట్ లేస్తుంది లేదా పడుతుంది. టీవీ యాంకర్లు రోజూ చెప్పేది ఇదే. "ఎందుకు పడింది" అనే ప్రశ్నకు సాయంత్రం నాలుగింటికల్లా ఒక కారణం సిద్ధంగా ఉంటుంది.

ప్రెక్టర్ ఈ బాణాన్ని తిరగేశాడు. మూడ్ ముందు మారుతుంది, దాని వెంట మిగతావన్నీ వస్తాయంటాడు. మార్కెట్ అందరికంటే త్వరగా స్పందిస్తుంది, ఎందుకంటే షేరు అమ్మడానికి ఒక్క క్షణం చాలు. పాటలు, సినిమాలు, బట్టల ఫ్యాషన్ కాస్త అటూ ఇటూగా దాన్ని చూపిస్తాయి. ఎన్నికలు, ఆర్థిక మాంద్యాలు, యుద్ధాలు తీరిగ్గా వస్తాయి. అంటే నరుకుడు సినిమా మార్కెట్‌ను పడగొట్టదు, మార్కెట్ పతనం నరుకుడు సినిమాను పుట్టించదు. రెండూ ఒక జ్వరానికి రెండు లక్షణాలు. టీ అంగడి అన్న చెప్పింది సరిగ్గా ఇదే.

ఈ మూడ్ ఎలా ఊగుతుందన్నదానికి ప్రెక్టర్ రాల్ఫ్ నెల్సన్ ఎలియట్‌ను పట్టుకున్నాడు. అకౌంటెంటుగా పనిచేసిన ఎలియట్, ధరలు ఐదు అలలుగా ఎక్కి మూడు అలలుగా దిగుతాయని 1938లో రాశాడు. ఆ అలలను ఎక్కణ్నుంచి లెక్కపెట్టాలన్నది ఇద్దరు ఎలియట్ పండితులను ఒక గదిలో కూర్చోబెడితే తేలే విషయం కాదు.

ఈ సిద్ధాంతానికి ఎక్కువగా చెప్పే ఉదాహరణ 1931. న్యూయార్క్ మార్కెట్ సూచీ డౌ జోన్స్ 1929 సెప్టెంబరులో 381 దగ్గర ఉండి, 1932 జులైకల్లా 41కి దిగిపోయింది. వంద రూపాయల్లో దాదాపు 89 ఆవిరి. ఆ పతనం మధ్యలో, 1931లో, డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టైన్ సినిమాలు రెండూ వచ్చి జనాన్ని విరగబడేలా చేశాయి. భయపడుతున్న జనం భయపెట్టే కథలు కోరుకున్నారన్నమాట.

బాగానే కుదిరింది. కానీ ఒక చిన్న మెలిక ఉంది. డ్రాక్యులా సినిమాగా రాకముందు న్యూయార్క్‌లో నాటకంగా ఆడింది. ఆడింది 1927లో, మార్కెట్ జోరు మీదున్నప్పుడు. ఇంకొకటి: హాయైన కార్టూన్ సినిమాలు బుల్ మార్కెట్‌లో, అంటే ధరలు పెరిగే కాలంలో, వర్ధిల్లుతాయని కూడా సిద్ధాంతం చెబుతుంది. స్నో వైట్ 1937 డిసెంబరులో విడుదలై 1938 అంతా విరగాడింది. 1937 మార్చి నుంచి 1938 మార్చి దాకా డౌ జోన్స్ దాదాపు సగానికి పడిపోయి ఉంది.

మదనపల్లె టమాటా, దలాల్ స్ట్రీట్ షేరు

ఉదాహరణలు అటుంచితే, ప్రెక్టర్ చెప్పినవాటిలో నాకు గట్టిగా తోచే మాట ఒకటుంది. 2007లో వేన్ పార్కర్‌తో కలిసి రాసిన పరిశోధన పత్రంలో వస్తుందది. సరుకుల మార్కెట్‌కూ షేర్ల మార్కెట్‌కూ ఒకే సూత్రం వర్తించదన్నది దాని సారం.

మన దగ్గర దీనికి మదనపల్లె ఉండనే ఉంది. 2023 జులైలో అక్కడి మార్కెట్ యార్డులో మేలురకం టమాటా కిలో 200 రూపాయలకు చేరువైంది. ఇళ్లలో ఏం చేశారు? పప్పులోకి చింతపండు వేశారు. రెండు కిలోలు తెచ్చేవాళ్లు పావుకిలోతో సరిపెట్టారు. ధర పెరిగితే కొనడం తగ్గింది. సరుకుకు నిజమైన అవసరం, నిజమైన ప్రత్యామ్నాయం ఉన్నాయి గనక కొనేవాడికి ఎంతదాకా పెట్టొచ్చో తెలుసు.

షేరు 100 నుంచి 200కు పోతే? "అబ్బా, ముందే కొనుంటే" అనుకుంటాం. 250కి పోతే కొనేస్తాం. 120కి పడితే, చవగ్గా వచ్చిందని సంచీ పట్టుకుని పోయేవాళ్లు తక్కువ, ఉన్నది వదిలించుకునేవాళ్లు ఎక్కువ. ధర పెరిగితే కొనడం పెరిగింది. షేరు అసలు విలువ ఎంతో ఎవరికీ కచ్చితంగా తెలియదు, కాబట్టి పక్కవాడు కొనడమే ఒక సమాచారం అయిపోతుంది. క్యూలో లేచి నిలబడిన ఆ పెద్దమనిషే ఇక్కడా.

సరుకుల్లో మంద ఉండదనుకుంటే పొరపాటే. కొనేవాళ్లలో లేకపోయినా పండించేవాళ్లలో ఉంది. పక్క చేనువాడు టమాటాతో ఇల్లు కట్టాడని విన్న రైతులు తర్వాతి పంటకు అందరూ నారు తెస్తారు. ఆ జులై రేటు రెండు నెలలు తిరక్కుండానే నేలకు దిగింది. రైతు కూడా రేపటి ధరను ఊహించే పెట్టుబడిదారుడేనని అనుకుంటే, ప్రెక్టర్ గీసిన గీత అంత శుభ్రంగా లేదన్నమాట.

లక్ష రూపాయలకు 81 రూపాయలు

ప్రెక్టర్ శిబిరానికి సంబంధం లేని ఫైనాన్స్ ప్రొఫెసర్లు కూడా మూడ్‌ను కొలిచారు. వాళ్లకు దొరికినదాన్ని లక్ష రూపాయల లెక్కలో చూద్దాం.

అలెక్స్ ఎడ్మన్స్, మరో ఇద్దరు కలిసి 2007లో ఫుట్‌బాల్ మీద పత్రం వెలువరించారు. ప్రపంచ కప్ నాకౌట్ దశలో ఓడి ఇంటిదారి పట్టిన దేశపు మార్కెట్ మర్నాడు మామూలుకంటే సుమారు 0.49 శాతం తక్కువ రాబడి ఇచ్చింది. లక్షకు 490 రూపాయలు. గెలిస్తే? ఏమీ లేదు. దిగులు మార్కెట్‌కు ఎక్కినంతగా సంబరం ఎక్కలేదు. క్రికెట్ లాంటి ఇతర ఆటల్లోనూ ఓటమి ప్రభావం కనిపించింది, కాస్త తక్కువగా.

ఎడ్మన్స్ ఉన్న మరో బృందం 2022లో స్పాటిఫైలో 40 దేశాల జనం వింటున్న పాటలు ఎంత హుషారుగా ఉన్నాయో లెక్కగట్టింది. హుషారు చెప్పుకోదగ్గంత పెరిగిన వారంలో మార్కెట్ కూడా పెరిగింది. ఎంత? దాదాపు 0.081 శాతం. లక్షకు 81 రూపాయలు. మరుసటి వారం అందులో 70 రూపాయలు వెనక్కి పోయాయి. అంటే పాటకూ షేరుకూ లంకె ఉంది, ఒకే వారం అవి కలిసి కదులుతాయి, కానీ ఆ ఉబ్బు వారంలో దిగిపోతుంది. దాన్ని నమ్ముకుని కొని అమ్మితే మిగిలే 11 రూపాయలు బ్రోకరేజీకి, పన్నులకు చాలవు.

ఆడవాళ్ల స్కర్టు పొడవు మార్కెట్‌ను చెబుతుందన్న పాత మాట ఒకటుంది. 1926లో జార్జ్ టేలర్ అనే ఆర్థికవేత్త అన్నాడని చెబుతారు. నెదర్లాండ్స్ పరిశోధకులు ఇద్దరు 1921 నుంచి 2009 దాకా ఫ్యాషన్ వివరాలు సేకరించి 2010లో తేల్చింది ఏమిటంటే, లంకె ఉన్నమాట నిజమేగానీ, ఆర్థిక వ్యవస్థ ముందు మారితే స్కర్టు సుమారు మూడేళ్ల తర్వాత మారుతోంది. భవిష్యత్తు చెప్పాల్సింది గతాన్ని చెప్పింది.

అన్నిటికంటే ఎక్కువ మోగింది ట్విటర్ పత్రం. జోహాన్ బోలెన్ బృందం 2008 నాటి సుమారు 98 లక్షల ట్వీట్లను జల్లెడ పట్టి, జనం మూడ్‌తో డౌ జోన్స్ రేపు లేస్తుందో పడుతుందో దాదాపు 87 శాతం సరిగ్గా చెప్పవచ్చని ప్రకటించింది. దాన్ని నమ్మి లండన్‌లో ఒక ఫండ్ కూడా మొదలైంది, కొద్దికాలానికే మూతపడింది. ఆ 87 శాతం ఎక్కడిది? పరీక్షించింది 2008 డిసెంబరులో 15 మార్కెట్ రోజులు. 13 సరిగ్గా వచ్చాయి.

పదిహేనింట పదమూడు తక్కువేం కాదు. రోడ్డు పక్క జోస్యం చెప్పే చిలక ఒకటి గుడ్డిగా కార్డు తీస్తే కనీసం పదమూడు సరిగ్గా రావడం సుమారు 270 సార్లకు ఒకసారే జరుగుతుంది. కానీ వంద చిలకలను కూర్చోబెడితే, వాటిలో కనీసం ఒకటి ఆ ఘనత సాధించే అవకాశం నూటికి 30 దాటుతుంది. ఆ పత్రంలో చిలకలు వంద లేవుగానీ, ఒకటీ కాదు: ప్రశాంతత, సంతోషం, దయ, చురుకు అంటూ పలు మూడ్‌లను, ఎన్నాళ్ల ముందటివన్నది మార్చి మార్చి చూశారు. పనిచేసింది ప్రశాంతత. సంతోషం పనిచేయలేదు. ముందే "ప్రశాంతతే చూస్తాం" అని రాసిపెట్టుకుని ఏడాదిపాటు పరీక్షించి ఉంటే మాట వేరు.

శేషాచలం హీరోను పరీక్షకు పెడితే

ఇప్పుడు మన సినిమాలకు వద్దాం. బుల్ మార్కెట్‌లో జనం మంచివాడైన, నవ్వు మొహం హీరోను కోరుకుంటారనీ, ధరలు పడే బేర్ మార్కెట్‌లో మంచీ చెడూ కలగలిసిన చీకటి హీరోను కోరుకుంటారనీ సిద్ధాంతం. పుష్పను తీసుకోండి. శేషాచలం ఎర్రచందనం స్మగ్లరు, మన చిత్తూరు యాస, మంచివాడా అంటే చెప్పలేం. మొదటి భాగం 2021 డిసెంబరులో వచ్చింది. ఆ ఏడాది సెన్సెక్స్ 22 శాతం పెరిగింది. చీకటి హీరో, వెలుగు మార్కెట్.

రెండో భాగం 2024 డిసెంబరులో, మార్కెట్ శిఖరం దిగాక వచ్చింది. "చూశారా, కుదిరింది" అనొచ్చు. మొదటి భాగం గురించి అడిగితే "అది రాబోయే పతనానికి ముందస్తు సూచన" అనొచ్చు, "కింది నుంచి పైకెదిగే హీరో గనక అది బుల్ సినిమానే" అని కూడా అనొచ్చు. ఏ ఫలితం వచ్చినా సరిపోయే వివరణకు పరీక్షలో తప్పడం చేతకాదు. సోషియోనామిక్స్ మీద విమర్శకుల ప్రధాన ఫిర్యాదు ఇదే. మనవాళ్లు దీన్ని కాకతాళీయం అంటారు: కాకి వాలింది, తాటిపండు రాలింది.

షేర్ల కథలనే చూడండి. బొంబాయి బ్యాంకు క్యాషియరు షేర్ల కుంభకోణం నీడలో కోట్లు కూడబెట్టే లక్కీ భాస్కర్ 2024 అక్టోబరు 31న, శిఖరం దాటిన నెలకు వచ్చింది. మార్కెట్ మత్తు పరాకాష్ఠలో ఉన్నప్పుడే ఇలాంటి కథలు పుడతాయని చెప్పడానికి చక్కటి సాక్ష్యం. అయితే షేర్ల కుంభకోణం బ్రోకరు హర్షద్ మెహతా మీద హిందీ వెబ్ సిరీస్ స్కామ్ 1992 కూడా జనానికి అంతే నచ్చింది, అది 2020 అక్టోబరులో, సెన్సెక్స్ 40,000 దగ్గర ఉన్నప్పుడు వచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్లలో సూచీ రెట్టింపు దాటింది. ఒకే రకం కథ, ఒకటి మెట్ల కింద, ఒకటి మెట్ల పైన.

సిద్ధాంతాన్ని సమర్థించేవాళ్లకూ ఒక జవాబుంది, దాన్ని తీసిపారేయలేం. సినిమా తీయడానికి రెండు మూడేళ్లు పడుతుంది, కాబట్టి తీసినవాడి మూడ్ లెక్క కాదు, దాన్ని జనం ఎంతగా ఆదరించారన్నదే లెక్క అంటారు. ఒక్కో హిట్టును పట్టుకుని వాదించొద్దు, వందల సినిమాలను కలిపి చూడండి అంటారు. న్యాయమే. వందల సినిమాలను చీకటివి, వెలుగువి అని విడదీసేది మార్కెట్ చార్టు చూడని మనిషి అయితేనే ఆ లెక్కకు విలువ.

ఇంతకీ ఎవరి మూడ్?

నా మటుకు నాకు అసలు చిక్కు ఇక్కడుంది. 2003లో సెన్సెక్స్ 70 శాతానికి పైగా పెరిగింది. "భారత్ వెలిగిపోతోంది" అని ప్రభుత్వ ప్రచారం. మార్కెట్ బాగుంటే అధికారంలో ఉన్నవాళ్లు మళ్లీ గెలుస్తారని అమెరికా ఎన్నికల లెక్కలతో ప్రెక్టర్ బృందం 2012లో రాసింది. మన దగ్గర 2004 మేలో ప్రభుత్వం ఓడిపోయింది, మే 17న సెన్సెక్స్ ఒక్కరోజులో 11 శాతం కూలింది. బొంబాయి షేర్ మార్కెట్ ఉండే దలాల్ స్ట్రీట్ మూడ్ ఒకటి, ఓటేసిన పల్లె మూడ్ మరొకటి. షేర్లలో ఉన్నవాళ్లు అప్పట్లో పిడికెడు.

2020 మార్చిలో దేశంలో డీమ్యాట్ ఖాతాలు, అంటే షేర్లు ఉంచుకునే ఖాతాలు, నాలుగు కోట్లు. 2024 ఆఖరుకు 18 కోట్లు దాటాయి. తిరుపతి మందుల షాపు కుర్రాడికీ ఒకటుంది. కాబట్టి ఇప్పుడు మార్కెట్ జనం మూడ్‌ను బాగా చూపిస్తుందా? 2024 అక్టోబరు పతనాన్నే తీసుకోండి. ఆ నెల విదేశీ సంస్థలు సుమారు 94,000 కోట్ల రూపాయల మన షేర్లు అమ్మాయి. అమ్మినవాళ్లకు మన సినిమాలు నరుకుడువో నవ్వులువో పట్టదు.

అదే ఏడాది జూన్ మొదటి వారం ఇంకా విచిత్రం. ఎగ్జిట్ పోల్స్ చూసి జూన్ 3న సెన్సెక్స్ 2,507 పాయింట్లు పెరిగింది. ఓట్ల లెక్కింపు రోజు, 4న, 4,389 పడింది. 5న మళ్లీ 2,303 లేచింది. 140 కోట్ల మంది మనసు మూడు రోజుల్లో మూడుసార్లు మారలేదు గదా. మారింది అంచనా. సమర్థ మార్కెట్ సిద్ధాంతం చెప్పేది అదే: ధర కొత్త సమాచారానికి స్పందిస్తుంది, అంతకుమించి మూడ్ అంటూ వేరే వెతకనక్కర్లేదు. ఆ సిద్ధాంతపు పెద్ద యూజీన్ ఫామాకూ, మార్కెట్లలో మనుషుల పిచ్చి చాలా ఉందని వాదించే రాబర్ట్ షిల్లర్‌కూ 2013లో ఒకే నోబెల్‌ను, మరొకరితో కలిపి, పంచారు. ఎకనామిక్స్‌లోనే ఇలాంటివి సాగుతాయి.

రెండు వాదాలకూ సాక్ష్యాలు మన జిల్లాలోనే దొరుకుతాయి. కరకంబాడిలో పుట్టి పెరిగిన అమరరాజా కంపెనీ 2024 జూన్ చివర్లో లిథియం బ్యాటరీల టెక్నాలజీ కోసం చైనా కంపెనీ గోషన్ అనుబంధ సంస్థతో ఒప్పందం ప్రకటించింది. షేరు మర్నాడు 20 శాతం దాకా ఎగిసింది. కారణం కళ్లముందే ఉంది, ఇది ఫామా మార్కెట్. అదే నెల మొదట్లో ఎన్నికల ఫలితాల తర్వాత, చంద్రబాబు నాయుడు కుటుంబానికి చెందిన హెరిటేజ్ ఫుడ్స్ షేరు వారం తిరక్కుండానే సగానికి పైగా పెరిగింది. చంద్రగిరి ఆవులు ఆ వారం ఒక చెంబు పాలు ఎక్కువ ఇవ్వలేదు. దాన్ని సమాచారం అనాలా, మూడ్ అనాలా? రెండు శిబిరాలూ ఈ షేరును తమ ఖాతాలోనే వేసుకుంటాయి.

ఇక ప్రెక్టర్ జోస్యాల సంగతి. డౌ జోన్స్ 10,000 అటూ ఇటూగా ఉన్న 2010లో, అది పాతాళానికి పోతుందని ఆయన హెచ్చరించాడు. 2024 మేలో డౌ 40,000 దాటింది. మనుషులు మందలా కదులుతారన్నది నిజమే కావచ్చు. మంద ఎప్పుడు మలుపు తిరుగుతుందో చెప్పగలగడం వేరే విద్య.

నోటి మూడ్, చేతి మూడ్

2024 సెప్టెంబరులో లడ్డూ నెయ్యి మీద ఆరోపణలు వచ్చినప్పుడు ఛానళ్లలో, ఫోన్లలో రోజుల తరబడి అదే గోల. ఆ వారం ట్వీట్లు కొలిచే మిషను పెట్టి ఉంటే ముల్లు ఎక్కడ నిలిచేదో ఊహించుకోవచ్చు. కొండ మీద లడ్డూ కౌంటర్ల దగ్గర ఆ నాలుగు రోజుల్లో 14 లక్షలకు పైగా లడ్డూలు అమ్ముడుపోయాయి, రోజుకు మూడు లక్షల పైమాటే, ఎప్పటిలాగే. విదేశీ సంస్థలు అమ్ముకుపోతున్న ఆ అక్టోబరులో కూడా, మ్యూచువల్ ఫండ్లలోకి సిప్ రూపంలో, అంటే జనం నెలనెలా కట్టే వాయిదాలుగా, 25,323 కోట్లు వచ్చాయి. నెలకు 25,000 కోట్లు దాటడం అదే మొదటిసారి.

ఈ లెక్కలు గుర్తొచ్చే ఆ శుక్రవారం టీ అంగడిలో అడిగాను.

"అన్నా, జనాల మనసు బాగలేదంటివి గదా. మరి నువ్వు నెలనెలా కట్టే సిప్ ఆపేస్తివా?"

"అదెందుకు ఆపుతా?" అన్నాడు, పాలగిన్నె కింద మంట తగ్గిస్తూ. "అది పాప చదువుకు."